ఇంట గెలవడమే కష్టం

యూరోపియన్ టూర్‌లో భారతీయులు గెలిచిన గోల్ఫ్ టైటిళ్ల జాబితా తీస్తే అందరికంటే పైన రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి జీవ్ మిల్ఖా సింగ్. రెండోది ఎస్.ఎస్.పి. చౌరాసియా. ఇద్దరి ఖాతాలోనూ నాలుగేసి టైటిళ్లు. అంకె ఒకటే కానీ ఊళ్లు వేరు. జీవ్ గెలిచినవి చైనా ఓపెన్, స్పెయిన్‌లోని వాల్డెరామాలో జరిగిన వోల్వో మాస్టర్స్, ఆస్ట్రియా ఓపెన్, స్కాటిష్ ఓపెన్. మొదటి రెండూ 2006లో, మూడోది 2008లో, చివరిది 2012లో. ఇక చౌరాసియా 2008లో ఢిల్లీలో గెలిచాడు. 2011లో గుర్గావ్‌లో గెలిచాడు. 2016లో మళ్లీ ఢిల్లీ, 2017లో మళ్లీ గుర్గావ్. నాలుగు టైటిళ్లకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు మించదు.

ఈ జాబితా చూడగానే ఎవరికైనా గుర్తొచ్చే మాట ఒకటుంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. సొంత గడ్డ, అలవాటైన గాలి, తెలిసిన పచ్చిక, చప్పట్లు కొట్టే మనవాళ్లు. ఇవన్నీ ఉంటే ఎవరైనా గెలుస్తారని తీసిపారేయడం తేలిక. క్రికెట్‌లో మనం రోజూ చేసే పనే అది. సొంతగడ్డ మీద చేసిన సెంచరీకి ఒక విలువ, మెల్‌బోర్న్‌లో చేసిన సెంచరీకి మరో విలువ కడతాం.

కానీ చౌరాసియా విషయంలో ఆ లెక్క వేసేముందు ఒక ప్రశ్న అడగాలి. అసలు ఆ ఇల్లు ఎవరిది?

కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బును 1829లో స్థాపించారు. బ్రిటిష్ దీవుల వెలుపల ఇంతకంటే పాత గోల్ఫ్ క్లబ్బు ప్రపంచంలో మరొకటి లేదు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వ్యాపారులూ, కంపెనీ అధికారులూ మొదట డమ్‌డమ్‌లో ఆడారు, తరువాత మైదాన్‌కు, చివరికి టాలీగంజ్‌కు చేరారు. 1911లో ఐదో జార్జి చక్రవర్తి భారతదేశం వచ్చినప్పుడు క్లబ్బు పేరు ముందు రాయల్ అన్న బిరుదు చేరింది. సామ్రాజ్యం పోయింది, బిరుదు ఉంది. సభ్యులు తెల్లవాళ్ల నుంచి నల్లవాళ్లయ్యారు. గేటు మాత్రం గేటుగానే ఉంది.

ఆ గేటు లోపలే చౌరాసియా పెరిగాడు. 1978లో పుట్టిన శివశంకర్ ప్రసాద్ చౌరాసియా తండ్రి ఆ క్లబ్బులో గ్రీన్‌కీపర్. అంటే పచ్చిక కోసి, నీళ్లు పెట్టి, బంతి దొర్లే నేలను బల్లలా చదును చేసే పని. సభ్యులు ఆ పచ్చిక మీద ఆడతారు. గ్రీన్‌కీపర్ దాన్ని కాపాడతాడు. పొద్దున్నే మంచు తడి ఆరకముందే పని మొదలవుతుంది, సభ్యుల కార్లు వచ్చేసరికి పనివాళ్లు పక్కకు తప్పుకోవాలి. ఆ పక్కన నిలబడి చూసిన పిల్లవాడు పదేళ్ల వయసులో కర్ర పట్టాడు. కోచ్ లేడు. పాఠం చెప్పినవాళ్లు లేరు. ఎవరో ఇచ్చిన పాత క్లబ్బులు, ఎవరో పోగొట్టుకున్న బంతులు. ఆట చూసి నేర్చుకున్నాడు, కొట్టి సరిచేసుకున్నాడు.

భారతీయ గోల్ఫ్‌లో ఇలాంటి కథ ఇదొక్కటే కాదు. నిజానికి ఇదే మన గోల్ఫ్ ప్రధాన కథ. సభ్యుడి సంచి మోసే కుర్రవాణ్ని క్యాడీ అంటారు. ఏ హోల్‌కు ఎంత దూరం, గాలి ఎటు వీస్తోంది, గ్రీన్ ఎటు వాలుంది, ఏ కర్ర వాడాలి అన్నవన్నీ వాడికి కొట్టినపిండి. సభ్యుడు వారానికి రెండుసార్లు ఆడితే క్యాడీ రోజుకు రెండుసార్లు కోర్సు చుట్టి వస్తాడు. చాలా క్లబ్బుల్లో సోమవారం సభ్యులకు సెలవు. ఆ రోజు క్యాడీలను ఆడనిచ్చే ఆనవాయితీ ఉంది. వారంలో ఆరు రోజులు మోసిన ఆటను ఏడో రోజు ఆడిన కుర్రవాళ్ల నుంచే మన తొలితరం ప్రొఫెషనల్ గోల్ఫర్లు పుట్టారు.

ఇందుకు సాక్ష్యం ఇండియన్ ఓపెన్ విజేతల పట్టికే. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామ్సన్ చొరవతో 1964లో మొదలైన ఈ టోర్నమెంట్‌ను ఆ ఏడాది ఆయనే గెలిచాడు. మరుసటి ఏడాది అమెచ్యూర్ ఆటగాడు పి.జి. సేఠీ గెలిచాడు. ఆ తరువాత మరో భారతీయుడి పేరు పట్టికకెక్కడానికి 26 ఏళ్లు పట్టింది. 1991లో ఆ పని చేసిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో సంచులు మోసినవాడు. 1993లో మళ్లీ గెలిచి, మొదటిది గాలివాటు గెలుపు కాదని తేల్చాడు. 1998లో కోల్‌కతాకు చెందిన ఫిరోజ్ అలీ, 2002లో లక్నోకు చెందిన విజయ్ కుమార్, 2009లో బెంగళూరుకు చెందిన మునియప్ప గెలిచారు. వీళ్లూ క్యాడీలుగా మొదలైనవారే. చౌరాసియా రెండు టైటిళ్లు కలిపితే, 1964 నుంచి 2025 దాకా భారతీయులు గెలిచిన 13 ఇండియన్ ఓపెన్‌లలో ఏడు క్లబ్బు సభ్యుల ఇళ్ల నుంచి కాక, క్లబ్బు పనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చాయి. ధనికుల ఆట అని మనం కొట్టిపారేసే ఆటలో దేశం పేరు నిలబెట్టిన పనిలో సగానికి పైగా పేదవాళ్లే చేశారన్నమాట.

ఇప్పుడు జీవ్ వైపు చూద్దాం. ఇద్దరినీ పోల్చడం ఒకరిని తగ్గించడానికి కాదు. జీవ్ తండ్రి మిల్ఖా సింగ్. దేశ విభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, సైన్యంలో చేరి, పరుగుతో ప్రపంచానికి తెలిసిన మనిషి. ఆయన పుట్టినప్పుడు ఆయన ముందు ఏ గేటూ తెరిచి లేదు. పరుగెత్తి తెరుచుకున్న గేట్లే అన్నీ. ఆ తరువాత పంజాబ్ ప్రభుత్వ క్రీడాశాఖలో ఉన్నత పదవి, చండీగఢ్‌లో ఇల్లు, కొడుక్కి గోల్ఫ్. జీవ్ అమెరికాలోని టెక్సాస్‌లో చదివాడు. అక్కడి కళాశాలల రెండో డివిజన్‌లో 1993లో వ్యక్తిగత విజేతగా నిలిచాడు. 2007లో అగస్టాలో మాస్టర్స్ ఆడిన తొలి భారతీయుడయ్యాడు. ఒక తరం కష్టపడి సంపాదించిన గౌరవం తరువాతి తరానికి ప్రవేశపత్రమైంది. ఇందులో తప్పేమీ లేదు. చౌరాసియాకు ఆ తొలి తరం కూడా తానే కావలసి వచ్చింది. తేడా అంతే.

ఇంకో పోలిక మరీ దగ్గరిది. అర్జున్ అత్వాల్ కూడా రాయల్ కలకత్తా పచ్చిక మీదే ఆట నేర్చాడు. అదే మైదానం, అవే చెట్లు, అవే చెరువులు. అతనూ అమెరికాలో చదివాడు. 2002లో సింగపూర్ మాస్టర్స్ గెలిచి, యూరోపియన్ టూర్‌లో టైటిల్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 2010లో విండమ్ చాంపియన్‌షిప్ గెలిచి అమెరికా పీజీఏ టూర్‌లోనూ తొలి భారతీయ విజేతయ్యాడు. 1999 ఇండియన్ ఓపెన్ అత్వాల్‌దే. ఆ ఏడు రెండో స్థానంలో నిలిచినవాడు 21 ఏళ్ల చౌరాసియా. ప్రొఫెషనల్‌గా మారి అప్పటికి రెండేళ్లే. ఒకే క్లబ్బుకు చెందిన ఇద్దరు ఒకే పట్టికలో ఒకటి, రెండు స్థానాల్లో నిలిచారు. కాకపోతే ఒకరు ముందు గేటు నుంచి వచ్చారు, మరొకరు పనివాళ్ల క్వార్టర్స్ నుంచి.

రెండో స్థానం చౌరాసియాను వదల్లేదు. 2006 ఇండియన్ ఓపెన్‌లో మళ్లీ రెండో స్థానమే. అప్పటికి దేశంలోని టోర్నమెంట్లలో గెలుస్తున్నాడు, పేరుంది, పొట్ట గడుస్తోంది. కానీ గోల్ఫ్‌లో దేశీయ టూర్ అంటే కాలవ, యూరోపియన్ టూర్ అంటే నది. కాలవలో ఎంత ఈదినా నదిలోకి వెళ్లాలంటే కార్డు కావాలి. కార్డు కావాలంటే విదేశాలకు వెళ్లి అర్హత పోటీలు ఆడాలి. విమానం, హోటల్, క్యాడీ జీతం అన్నీ సొంత ఖర్చు. నెలజీతమిచ్చే జట్టేదీ ఉండదు. గురువారం మొదలయ్యే టోర్నమెంట్‌లో 150 మంది దాకా ఆడితే శుక్రవారం సాయంత్రానికి సగం మంది ఇంటిదారి పడతారు. దాన్నే కట్ అంటారు. కట్ దాటనివాడికి పైసా రాదు. పెట్టిన ఖర్చు మాత్రం పెట్టినట్టే పోతుంది. చేతిలో పెట్టుబడి లేనివాడు ఈ జూదం ఎన్ని వారాలు ఆడగలడు?

అందుకే 2008 ఫిబ్రవరి ముఖ్యం. ఆ నెల ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇండియన్ మాస్టర్స్ జరిగింది. మొత్తం బహుమతి సొమ్ము 25 లక్షల డాలర్లు. యూరోపియన్ టూర్ తానే నడిచి మన దేశానికొచ్చింది. అర్హత కోసం విమానమెక్కలేనివాడి ఇంటి ముందుకే నది వచ్చినట్టయింది. నాలుగు రోజుల్లో 72 హోల్స్‌కు నిర్ణయించిన పార్ 288 స్ట్రోక్‌లు. చౌరాసియా 279లో ముగించాడు. ఐర్లాండ్ ఆటగాడు డేమియన్ మెక్‌గ్రేన్ రెండు స్ట్రోక్‌లు వెనకబడి రెండో స్థానంలో నిలిచాడు. 29 ఏళ్ల గ్రీన్‌కీపర్ కొడుక్కి దక్కిన చెక్కు విలువ నాలుగు లక్షల డాలర్లకు పైమాటే.

పత్రికలు ఆ చెక్కు గురించే రాశాయి. పూరిపాక నుంచి కోట్లకు అన్న ధోరణిలో. కానీ ఆ రోజు చౌరాసియా గెలుచుకున్న అసలు సొత్తు డబ్బు కాదు, కార్డు. యూరోపియన్ టూర్‌లో గెలిచినవాడికి సుమారు రెండేళ్లపాటు అర్హత పోటీల అవసరం లేకుండా నేరుగా ప్రవేశం దొరుకుతుంది. అంటే రెండేళ్లపాటు ఓడిపోయే హక్కు దొరికిందన్నమాట. గోల్ఫ్‌లో అతి ఖరీదైన సరుకు అదే. కలిగినవాళ్ల పిల్లలకు అది పుట్టుకతోనే ఉంటుంది. ఈ వారం కట్ తప్పితే వచ్చే వారం ఆడతారు. లేనివాడు మాత్రం ప్రతి ఓటమికీ లెక్క చెప్పుకోవాలి. చౌరాసియా కెరీర్‌లో ప్రతి టైటిలూ మరి కొన్నాళ్ల గడువు కొనిపెట్టిన వాయిదా లాంటిది.

2011 ఫిబ్రవరిలో గుర్గావ్‌లోని డీఎల్‌ఎఫ్ కోర్సులో జరిగిన అవంతా మాస్టర్స్‌ను ఈ కోణంలోంచే చూడాలి. 2008లో దక్కిన గడువు అప్పటికి తీరిపోయే స్థితి. అక్కడ ఇంగ్లండ్ ఆటగాడు రాబర్ట్ కోల్స్‌ను ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడించాడు. నాలుగు రోజులు, సుమారు ఇరవై గంటల ఆట, 270కి పైగా దెబ్బలు. చివరికి మిగిలిన తేడా ఒక్క దెబ్బ. ఆ ఒక్కటి ఎదురుతిరిగి ఉంటే చౌరాసియా పేరు ఒకసారి మెరిసిన కుర్రాడిగానే మిగిలేది.

ఇంత బలం ఎక్కడిది? భుజాల్లో మాత్రం కాదు. చౌరాసియా పొట్టివాడు. బంతిని దూరంగా కొట్టేవాళ్లలో ఏనాడూ లేడు. ఇప్పటి గోల్ఫ్ దూరానిది. టీ నుంచి 300 గజాలు కొట్టి, రెండో దెబ్బకు గ్రీన్ చేరుకునేవాళ్లది. చౌరాసియా బలమంతా చివరి 100 గజాల్లో ఉంది. గ్రీన్ పక్క నుంచి బంతిని మెల్లగా ఎత్తి జెండా దగ్గర దించే చిప్, దొర్లించి హోల్‌లో వేసే పుట్. తోటి ఆటగాళ్లు ముద్దుగా పెట్టిన పేరు చిప్‌పుట్సియా. ఇక్కడ ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. గడ్డి ఎటు వాలితే బంతి ఎటు తిరుగుతుందో గ్రీన్‌కీపర్ ఇంట్లో పెరిగినవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? డ్రైవర్ కొట్టే దూరం కావాలంటే మంచి తిండి, వ్యాయామశాల, శిక్షకుడు, లక్షల ఖరీదు చేసే సామగ్రి కావాలి. చిప్, పుట్ నేర్చుకోవాలంటే ఒక పాత కర్ర, ఎవరూ తరమని గడ్డి ముక్క, బోలెడంత సాయంత్రం చాలు. పేదవాడి ఆట ఎక్కడ పదునెక్కుతుందో చౌరాసియా స్కోరుకార్డు చెబుతుంది.

రెండు టైటిళ్ల తరువాత కూడా ఇండియన్ ఓపెన్ మాత్రం అందలేదు. 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో అనిర్బన్ లాహిరితో కలిసి రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ ఏడు గెలిచినవాడి కథ కూడా విననిదేం కాదు. బంగ్లాదేశ్‌కు చెందిన సిద్దికుర్ రహమాన్ ఢాకాలోని కుర్మిటోలా గోల్ఫ్ కోర్సులో బంతులేరిన కుర్రాడు. 2010లో బ్రూనై ఓపెన్ గెలిచి ఏషియన్ టూర్‌లో తొలి బంగ్లాదేశీ విజేతయ్యాడు. సామ్రాజ్యం ఈ ఉపఖండంలో వదిలి వెళ్లిన మైదానాల్లో, సరిహద్దుకు అటూ ఇటూ, పని చేసేవాళ్ల పిల్లలు ఒకే దారి కనిపెట్టారు. ఢిల్లీలో ఆ ఆదివారం కోల్‌కతా గ్రీన్‌కీపర్ కొడుకును ఒక్క దెబ్బతో వెనక్కి నెట్టింది ఢాకా బంతులేరిన కుర్రాడే.

2015 మరీ చేదు. చివరి రోజు ఉదయానికి చౌరాసియా ఆధిక్యంలో ఉన్నాడు. లాహిరి ఏడు స్ట్రోక్‌లు వెనుక. సాయంత్రానికి ఇద్దరూ సమానం. ప్లేఆఫ్ మొదటి హోల్‌లోనే లాహిరి గెలిచాడు. ఇండియన్ ఓపెన్‌లో రెండో స్థానం చౌరాసియాకు అది నాలుగోసారి. 1999 నుంచి లెక్కేస్తే 16 ఏళ్లు. చేతికందినట్టే అంది నాలుగుసార్లు జారిపోతే మామూలు మనిషి తలరాత అనుకుని ఊరుకుంటాడు.

మరుసటి ఏడాది మార్చిలో అదే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు. పార్‌కు 15 తక్కువ స్కోరుతో చౌరాసియా విజేత. రెండు స్ట్రోక్‌ల వెనుక రెండో స్థానం పంచుకున్న ఇద్దరిలో ఒకరు లాహిరి. ఏడాది తిరగకుండానే పాత బాకీ వడ్డీతో తీరింది.

ఇక్కడ ఇంట్లో పులి వాదానికి తిరిగొద్దాం. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు లోధీ కోర్సు ఇరుకైనది. ఫెయిర్‌వేకు రెండు పక్కలా దట్టమైన పొదలు. మధ్యలో మొగల్ కాలపు సమాధులు, నెమళ్లు. బంతి గీత దాటితే పొద మింగేస్తుంది. దూరం కొట్టే వీరులు అక్కడ డ్రైవర్‌ను సంచిలోంచి తీయడానికే భయపడతారు. కాబట్టి కోర్సు చౌరాసియాకు కలిసొచ్చిందన్న మాటలో నిజముంది. అయితే 2017లో ఇండియన్ ఓపెన్ గుర్గావ్‌లోని కొత్త డీఎల్‌ఎఫ్ కోర్సుకు మారింది. గ్యారీ ప్లేయర్ రూపొందించిన ఆ కోర్సు ఢిల్లీకి పూర్తిగా వ్యతిరేకం. పొడవు, లోతైన బంకర్లు, మెలికలు తిరిగే గ్రీన్‌లు. అది దూరం కొట్టేవాళ్ల కోర్సు. అక్కడ చౌరాసియా ఎన్ని స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు? ఏడు. రెండో స్థానంలో మలేసియాకు చెందిన గావిన్ గ్రీన్. జ్యోతి రంధావా 2006, 2007లలో వరుసగా గెలిచిన తరువాత ఇండియన్ ఓపెన్‌ను నిలబెట్టుకున్నవాడు మళ్లీ చౌరాసియానే. ఆ రెండు విజయాల మధ్య, 2016 చివర్లో, మనీలా మాస్టర్స్‌ను ప్లేఆఫ్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు శామ్ బ్రేజెల్‌ను ఓడించి గెలిచాడు. ఏషియన్ టూర్‌లో ఆరు టైటిళ్లుంటే దేశం బయట దక్కింది అదొక్కటే.

దాచాల్సిన పనిలేదు. యూరప్ గడ్డ మీద చౌరాసియా ఒక్క టైటిల్ కూడా గెలవలేదు. గోల్ఫ్‌లో మేజర్లు అని పిలిచే నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒక్కదానిలోనూ అతను చెప్పుకోదగ్గ ముద్ర వేయలేదు. 112 ఏళ్ల తరువాత గోల్ఫ్ తిరిగొచ్చిన 2016 రియో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడి 50వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2017లో అర్జున అవార్డు వచ్చింది. జీవ్, అత్వాల్, లాహిరి చేరిన ఎత్తులు కొన్ని చౌరాసియాకు అందలేదు. ఆ లెక్క అలాగే ఉండాలి. పేదవాడు కాబట్టి మార్కులు కలపాల్సిన అవసరం అతనికి లేదు. అతను అడగనూ లేదు.

అయితే ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దలు ఇల్లు మనదేనన్న ధీమాతో ఆ మాట అన్నారు. చౌరాసియా గెలిచిన ఇల్లు అతనిది కాదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు దేశ రాజధాని నడిబొడ్డున, కేంద్ర ప్రభుత్వం లీజుకిచ్చిన స్థలంలో ఉంది. సభ్యత్వం కోసం అధికారులూ వ్యాపారులూ దశాబ్దాలు ఎదురుచూస్తారు. 2017 జూన్‌లో, అంటే చౌరాసియా నాలుగో టైటిల్ గెలిచిన మూడు నెలలకు, ఆ క్లబ్బు భోజనశాల నుంచి మేఘాలయకు చెందిన ఒక మహిళను లేచి వెళ్లమన్నారన్న వార్త దేశమంతా దుమారం లేపింది. ఆమె కట్టుకున్న ఖాసీ సంప్రదాయ దుస్తులు పనిమనిషి దుస్తుల్లా ఉన్నాయన్నది అభ్యంతరం. ఇలాంటి ప్రాంగణాల్లో పనిమనిషిలా కనిపించడమే నేరమైతే, పనివాడి కొడుకు రెండుసార్లు ట్రోఫీ ఎత్తడాన్ని ఏమనాలి? దాన్ని సొంతగడ్డ మీద గెలుపు అనడం కంటే పరాయి గడ్డ మీద గెలుపు అనడమే సబబు.

ఇది ఢిల్లీ సంగతి మాత్రమే కాదు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లా గోడల పక్కన గోల్ఫ్ కోర్సుంది. గోల్కొండ మాస్టర్స్ పేరుతో దేశీయ టూర్ పోటీలూ అక్కడ జరిగాయి. విశాఖలో సముద్రపు గాలి తగిలే కోర్సు మరొకటి. ఈ రెండు ఊళ్లలోనూ గోడ అవతల ఉండే కుర్రవాడు ఆటగాడు కావాలంటే దారి ఏమిటని అడగండి. ఎవరికైనా సంచి మోస్తూ లోపలికి వెళ్లడం తప్ప మరో జవాబు దొరకడం కష్టం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు లాంటివి, సభ్యత్వం లేకుండా రుసుము కట్టి ఎవరైనా ఆడగలిగేవి, ఇంత పెద్ద దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టాలి.

విచిత్రమేమంటే సంచి మోసే ఆ పాత దారి కూడా ఇప్పుడు ఇరుకవుతోంది. బ్యాటరీ బండ్లొచ్చాయి. ఆటగాడే బండి తోలుకుంటూ వెళ్తే మోసేవాడితో పని తగ్గుతుంది. గోల్ఫ్‌లో ఎదగాలంటే అకాడమీ, కోచ్, జూనియర్ టోర్నమెంట్లు, వీలైతే అమెరికాలో కళాశాల చదువు అన్నది రాచబాటగా మారింది. అందులోంచి మంచి ఆటగాళ్లు వస్తున్నారు. సైనికాధికారి కొడుకు శుభంకర్ శర్మ 2017 డిసెంబరులో జొహానెస్‌బర్గ్‌లో, 2018 ఫిబ్రవరిలో మలేసియాలో యూరోపియన్ టూర్ టైటిళ్లు గెలిచాడు. సంతోషమే. కానీ మన క్లబ్బులు ఏ ప్రణాళికా లేకుండా, దాదాపు పొరపాటున, అరవై ఏళ్లపాటు పెంచిన క్యాడీల తరం తరువాత ఆ మెట్టు మీద ఇంకెవరు నిలబడతారన్నది ఎవరికీ పట్టినట్టు లేదు. 2017లో చౌరాసియా గెలిచిన తరువాత 2025 దాకా జరిగిన ఇండియన్ ఓపెన్‌లలో మరో భారతీయుడు గెలవలేదు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, జర్మనీ, జపాన్, స్పెయిన్ ఆటగాళ్లు ట్రోఫీ పట్టుకెళ్లారు.

చేయాల్సినది పెద్ద విప్లవమేమీ కాదు. ప్రభుత్వ భూమిలో ఉన్న ప్రతి క్లబ్బుకూ లీజు పొడిగించేటప్పుడు ఒక షరతు పెట్టవచ్చు. సోమవారం ఆనవాయితీని దయగా కాకుండా హక్కుగా మార్చమని. క్యాడీల పిల్లలకూ, పచ్చిక కోసేవాళ్ల పిల్లలకూ, చుట్టుపక్కల బడుల పిల్లలకూ వారంలో ఇన్ని గంటలు మైదానం తెరవమని. దానికి కొత్త స్టేడియం కట్టనక్కర్లేదు, కోట్లు కేటాయించనక్కర్లేదు. గేటు దగ్గర కాపలా ఉన్నవాడికి ఒక మాట చెబితే చాలు.

యూరోపియన్ టూర్ రికార్డు పుస్తకంలో చౌరాసియా పేరు పక్కన ఎప్పటికీ నాలుగు అనే ఉంటుంది, జీవ్ పేరు పక్కన ఉన్నట్టే. పుస్తకం అంతకుమించి చెప్పదు. పచ్చిక కోసే ఇంటి నుంచి ఆ పచ్చిక మీద ట్రోఫీ ఎత్తేదాకా ఉన్న దూరాన్ని కొలిచే గడి అందులో లేదు. కొలిస్తే స్కాట్లాండ్ కంటే ఢిల్లీయే దూరమని తేలేది.